హెచ్‌ఎస్‌సీలో స్కూలు మార్కులూ ఫైనల్ పరీక్షా కలిసి తుది మార్కు ఎలా తేలుతుంది?

హిల్స్_నివాసి
ఇంటర్మీడియట్ లెక్క మనందరికీ తెలిసిందే. పేపర్లో వచ్చినవి, ప్రాక్టికల్స్‌లో వేసినవి కూడితే మొత్తం. ఇక్కడ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండో తరగతి (ఇయర్ 12) చివర ఇచ్చే హెచ్‌ఎస్‌సీకి (హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్) సగం స్కూలు అసెస్‌మెంట్లు, సగం ఫైనల్ అంటున్నారు. దాని మీద మాడరేషన్, అలైన్‌మెంట్, స్కేలింగ్ అని మూడు మాటలు వినపడుతున్నాయి. స్కూల్లో 82 వచ్చి ఫైనల్లో కూడా 82 వస్తే హెచ్‌ఎస్‌సీ మార్కు 82 అనుకోవచ్చా? ఇయర్ 12 మొదలవుతున్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇదే అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు మొదటి నుంచీ చెబితే అందరికీ పనికొస్తుంది.

లెక్కలపంతులు
అనుకోకూడదండీ. స్కూలు వేసిన 82 ఆ రూపంలో రిజల్టు కాగితం మీద ఎక్కడా కనపడదు. వరస ఇలా ఉంటుంది.

ముందు స్కూలు ప్రతి సబ్జెక్టులోనూ ఇయర్ 12 టాస్కులన్నీ కలిపి ఒక్కొక్కరికి వందకి ఒక మార్కు తేల్చి నెసాకి పంపుతుంది. హెచ్‌ఎస్‌సీ నడిపే ప్రభుత్వ సంస్థ నెసాయే. ఆ మార్కు ఎంతో పిల్లలకి చెప్పరు, ర్యాంకు మాత్రమే తెలుస్తుంది.

తరువాత రాష్ట్రమంతా ఒకే పేపర్ రాస్తారు, అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ పేపర్లో మీ స్కూలు పిల్లలంతా ఎలా రాశారో చూసి, దాన్నిబట్టి స్కూలు పంపిన మార్కుల్ని సరిదిద్దుతారు. ఇది మాడరేషన్. 

ఆ మీదట పరీక్ష మార్కునీ, మాడరేట్ చేసిన మార్కునీ బ్యాండ్ల (1 నుంచి 6 దాకా ఉండే స్థాయిలు, 90 నుంచి పైన బ్యాండ్ 6) కొలతకి తెస్తారు. ఇది అలైన్‌మెంట్. ఈ రెండిటి సగటే హెచ్‌ఎస్‌సీ మార్కు, అంటే 50:50. 

స్కేలింగ్‌కి నెసాతో పని లేదు. అది ఏటార్ (యూనివర్సిటీ ప్రవేశాలకి వాడే ర్యాంకు) కోసం యూఏసీ (యూనివర్సిటీ అడ్మిషన్లు చూసే సంస్థ) విడిగా చేసుకునే లెక్క. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. పిల్లవాడి చేతిలో ఉండేది ఎక్కువగా మాడరేషన్ దశలోనే కాబట్టి ముందు దాన్ని అర్థం చేసుకోండి.

బ్లాక్‌టౌన్_అమ్మ
స్కూలు మార్కుల్ని "సరిదిద్దుతారు" అంటే తగ్గిస్తారనేనా? మా వాడి స్కూల్లో పేపర్లు బాగా కఠినంగా దిద్దుతారు. పక్క స్కూల్లో ధారాళంగా వేస్తారట. మా వాళ్ళకి అన్యాయం జరగదా?

లెక్కలపంతులు
జరగదమ్మా, మాడరేషన్ పెట్టిందే అందుకు. అంకెలతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఒక స్కూల్లో ఒక సబ్జెక్టు తీసుకున్నవాళ్ళు అయిదుగురే అనుకుందాం. వాళ్ళకి క, చ, ట, త, ప అని పేర్లు పెడదాం.

స్కూలు పంపిన మార్కులు: క 90, చ 84, ట 80, త 70, ప 56.
ఫైనల్ పరీక్షలో: క 86, చ 78, ట 88, త 66, ప 52.

మాడరేషన్‌కి మూడు కొలతలు. గుంపులో ఎవరికి వచ్చినా సరే, పరీక్షలో వచ్చిన అత్యధిక మార్కు (ఇక్కడ 88) స్కూల్లో మొదటి ర్యాంకు వాళ్ళకి అసెస్‌మెంట్ మార్కు అవుతుంది. పరీక్షలో వచ్చిన అత్యల్ప మార్కు (52) వీలైనంతవరకు చివరి ర్యాంకుకి పోతుంది. మాడరేట్ చేశాక గుంపు సగటు, పరీక్షలో గుంపు సగటు ఒకటే ఉండాలి (ఇక్కడ 370ని 5తో భాగిస్తే 74). మధ్యలో వాళ్ళని వరస మారకుండా, స్కూలు చూపించిన తేడాల దామాషా వీలైనంత చెడకుండా, ఒక వర్గ సమీకరణంతో సర్దుతారు.

అలా సర్దితే క 88, చ 82.7, ట 78.8, త 68.5, ప 52 అవుతాయి. కూడి చూడండి, 370 వస్తుంది.

ఇప్పుడు రెండు సగాలూ కలిపితే క 87, చ 80, ట 83, త 67, ప 52. ఇవి అలైన్‌మెంట్‌కి ముందు అంకెలు. లెక్క నడిచే తీరు తెలియడానికి ఇవి చాలు.

పరీక్షలో అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నది ట. ఆ 88 పరీక్ష మార్కుగా ట దగ్గరే ఉంది, ఎవరూ లాక్కోలేదు. అదే 88 అసెస్‌మెంట్ మార్కుగా మాత్రం కకి వెళ్ళింది, ఎందుకంటే ఏడాది పొడుగునా ముందున్నది క.

ఇక మీ ప్రశ్న. ఈ స్కూలు టీచరు చండశాసనుడై అందరికీ 30 మార్కులు తగ్గించి 60, 54, 50, 40, 26 అని పంపారనుకోండి. మాడరేట్ చేశాక వచ్చేవి మళ్ళీ అవే, 88, 82.7, 78.8, 68.5, 52. వరసా, మధ్య దూరాలూ మారలేదు కాబట్టి ఫలితం మారదు. ధారాళంగా వేసే స్కూలుకీ ఇదే వర్తిస్తుంది. కఠినంగా దిద్దినందుకు నష్టమూ లేదు, ఉదారంగా దిద్దినందుకు లాభమూ లేదు.

పన్నెండో_క్లాసు
పంతులు గారూ, అయితే ర్యాంకు ఒక్కటే ముఖ్యమా? రెండో ర్యాంకు వస్తే చాలు, మొదటివాళ్ళకి ఎంత దగ్గరగా ఉన్నామనేది అనవసరమా? మా క్లాసులో అందరూ ర్యాంకు గురించే మాట్లాడతారు.

గణాంకం
పంతులు గారి బదులు నేను చెబుతాను. ర్యాంకు సగం సంగతే బాబూ, దూరం కూడా అంతే ముఖ్యం. అదే ఉదాహరణలో చకి 84 బదులు 89 వచ్చిందనుకో. ర్యాంకు రెండే, మారలేదు. మిగతావాళ్ళ స్కూలు మార్కులూ, అందరి పరీక్ష మార్కులూ పాతవే. లెక్క మళ్ళీ కడితే:

క 88, చ 86.9, ట 76.9, త 66.2, ప 52.

చకి మాడరేటెడ్ మార్కు 82.7 నుంచి 86.9కి పెరిగింది. హెచ్‌ఎస్‌సీ మార్కులో అది దాదాపు 2. ఆ పెరిగిన నాలుగూ ట, త నుంచి చెరి రెండు చొప్పున వచ్చాయి, ఎందుకంటే గుంపు మొత్తం 370 దాటకూడదు. అందుకే మొదటి ర్యాంకు అందదని తెలిసినా ఆఖరి టాస్కు దాకా పట్టు వదలకూడదు. రెండో స్థానంలోనే ఉంటూ దూరం తగ్గించుకున్నా మార్కులు పెరుగుతాయి.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. మీ అయిదుగురి మధ్య పంచేది మీ అయిదుగురూ పరీక్షలో సంపాదించిన మొత్తమే. త పరీక్షలో 66 బదులు 76 రాస్తే మొత్తం 380 అవుతుంది, మధ్యలో ఉన్న చ, ట, త ముగ్గురి అసెస్‌మెంటూ పెరుగుతుంది. కనక ట్రయల్స్ (ఫైనల్‌కి ముందు స్కూలు పెట్టే నమూనా పరీక్షలు) అయిపోయి ర్యాంకులు తేలాక తోటివాళ్ళకి నోట్సు ఇవ్వకుండా దాచుకోవడం తెలివితక్కువ పని. ఆ దశలో క్లాసు మొత్తం బాగా రాస్తే నీకే మేలు. నలుగురు కలిసి పాత పేపర్లు చేయండి, రాని చాప్టరు ఒకరికొకరు చెప్పుకోండి.

హిల్స్_నివాసి
చాలా స్పష్టంగా ఉంది. ఒక అనుమానం. మొదటి ర్యాంకు పిల్ల పరీక్ష రోజు తడబడిందనుకోండి. అప్పుడు?

గణాంకం
ఇద్దరే ఉన్న గుంపు తీసుకుంటే ఒక్క చూపులో తేలిపోతుంది. మొదటి ర్యాంకు అమ్మాయికి పరీక్షలో 70, రెండో ర్యాంకు అబ్బాయికి 90 వచ్చాయి. అమ్మాయి అసెస్‌మెంట్ 90, పరీక్ష 70, సగటు 80. అబ్బాయి అసెస్‌మెంట్ 70, పరీక్ష 90, సగటు 80. ఏడాది కష్టం ఆమెని కాపాడింది, ఆ రోజు ప్రతిభ అతన్ని నిలబెట్టింది. 

ఆ సబ్జెక్టులో స్కూలు మొత్తానికి ఒక్కరే ఉంటే వాళ్ళ పరీక్ష మార్కే అసెస్‌మెంట్ మార్కూ అవుతుంది.

రౌజ్‌హిల్_రావు
అందుకే చెబుతున్నాను, సెలెక్టివ్ స్కూల్లో (ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే స్కూలు) నలభయ్యో ర్యాంకులో ఉండేకన్నా మామూలు స్కూల్లో మొదటి ర్యాంకులో ఉండటం వెయ్యి రెట్లు నయం. ర్యాంకే రాజు కదా!

కెమిస్ట్రీ_టీచర్
రావు గారూ, ఆ మాట సగమే నిజం. మామూలు స్కూల్లో మొదటి ర్యాంకు వాళ్ళకి దక్కేది ఆ స్కూలు పిల్లలు పరీక్షలో తెచ్చుకున్న అత్యధిక మార్కు. చాలాసార్లు అది వాళ్ళు స్వయంగా తెచ్చుకున్నదే. మొదటి ర్యాంకు అబ్బాయి 95 రాస్తే అసెస్‌మెంటూ 95. స్కూలు సగటు 60 అయినా అతన్ని కిందికి గుంజదు. "బలహీనమైన స్కూలు కాబట్టి మార్కులు కోసేస్తారు" అనే భయం మొదటి ర్యాంకు విషయంలో అనవసరం.

సెలెక్టివ్ స్కూల్లో నలభయ్యో ర్యాంకుకీ అన్యాయం ఏమీ లేదు. ఆ గుంపులో నలభయ్యోవాళ్ళు కూడా పరీక్షలో 88 రాసే స్థాయిలో ఉంటే, నలభయ్యో ర్యాంకు అసెస్‌మెంటూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 

ఇబ్బంది ఎక్కడంటే, సగటు తక్కువగా ఉన్న గుంపులో రెండు, మూడు ర్యాంకుల్లో ఉన్న మంచి పిల్లలకి. స్కూల్లో మొదటివాళ్ళకి వీళ్ళు బాగా దూరంగా ఉండి, ఫైనల్లో మాత్రం వాళ్ళతో సమానంగా రాస్తే, అసెస్‌మెంట్ సగం వెనకబడిపోతుంది. అక్కడ గణాంకం గారు చెప్పిన దూరం సంగతి ప్రాణప్రదం. ఏడాదంతా చదువుకునే వాతావరణం, పిల్లవాడి మనసు కుదురు ఇవి చూసి స్కూలు ఎంచుకోండి. మాడరేషన్ కోసం స్కూలు మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

బ్లాక్‌టౌన్_అమ్మ
టీచర్ గారూ, స్కూల్లో ఎన్ని టాస్కులు ఉంటాయి? ఇయర్ 11 మార్కులు కూడా కలుస్తాయా? అన్నిటికీ ఒకే విలువ ఉంటుందా?

కెమిస్ట్రీ_టీచర్
ఇయర్ 11 మార్కులు కలవవు. హెచ్‌ఎస్‌సీ కోర్సు ఇయర్ 11 ముగిశాక టర్మ్ 4లో, అంటే అక్టోబరులో మొదలవుతుంది. అప్పటి నుంచి పెట్టిన టాస్కులే లెక్కకి వస్తాయి. చాలామంది జనవరిలో మొదలవుతుందనుకుని మొదటి టాస్కుని తేలిగ్గా తీసుకుంటారు, అది డిసెంబరు లోపే అయిపోవచ్చు.

రెండు యూనిట్ల కోర్సుకి (యూనిట్ అంటే కోర్సు పరిమాణం, చాలా సబ్జెక్టులు రెండు యూనిట్లవే) నాలుగు టాస్కులకి మించకూడదు. ఒక్కో టాస్కు వెయిటేజి 10 శాతానికి తగ్గకూడదు, 40 శాతానికి మించకూడదు. రాత పరీక్ష రూపంలో ఉండే టాస్కు ఒక్కటే, దాని వెయిటేజి 30 శాతం దాటకూడదు. సాధారణంగా ఆ ఒక్కటీ ట్రయల్ పరీక్షే. కాబట్టి "ట్రయల్స్‌లో కొట్టేస్తే చాలు" అనుకోవద్దు, మిగిలిన 70 శాతం బయట ఉంది.

స్కూలు మార్కు ఇలా కడతారు. టాస్కులు 20, 25, 25, 30 శాతం అనుకోండి. వందకి లెక్కేస్తే వచ్చినవి 78, 84, 70, 81. అప్పుడు 15.6 + 21 + 17.5 + 24.3 = 78.4.

కాగితం మీద ఉన్న వెయిటేజి ఒకటి, ర్యాంకుని కదిలించే శక్తి ఇంకొకటి. 20 శాతం అసైన్‌మెంట్‌లో క్లాసంతా 17 నుంచి 19 లోపు తెచ్చుకుంటే దానివల్ల ఇద్దరి మధ్య తేడా మహా అయితే 2 మార్కులు. 30 శాతం ట్రయల్‌లో ఒకరికి 10, ఇంకొకరికి 28 వస్తే తేడా 18. మార్కులు ఎక్కడ చెల్లాచెదురుగా పడతాయో అక్కడే ర్యాంకులు మారతాయి. కెమిస్ట్రీలో ప్రాక్టికల్ రిపోర్టు, డెప్త్ స్టడీ (ఒక అంశాన్ని లోతుగా చదివి చేసే పని) వంటివాటిలో రూబ్రిక్ (మార్కులు దేనికి వేస్తారో చెప్పే పట్టిక) చూసి రాస్తే అందరికీ దగ్గరదగ్గరగా వస్తాయి. అక్కడ పోగొట్టుకోకుండా చూసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అందరికీ 18 వచ్చినచోట మీకు 12 వస్తే ఆ 6 తిరిగి సంపాదించడం కష్టం. డేటా విశ్లేషణ, తెలియని ప్రశ్నకి సమాధానం రాయడం లాంటి టాస్కుల్లో మార్కులు బాగా విడిపోతాయి. మీ సమయం అక్కడ పెట్టండి.

ఒకే కోర్సుకి నాలుగు సెక్షన్లున్నా ర్యాంకు మొత్తం కోర్సుకి కలిపి ఒకటే. "ఫలానా సార్ క్లాసులో ఫస్టు" అనేది లెక్కలోకి రాదు.

పన్నెండో_క్లాసు
టాస్కు రోజు జ్వరం వస్తే? సబ్‌మిషన్ ఒక రోజు ఆలస్యమైతే?

కెమిస్ట్రీ_టీచర్
స్కూలు టాస్కుకి స్కూలు నియమాలు, ఫైనల్ పరీక్షకి నెసా నియమాలు. రెండూ వేరు.

స్కూలు టాస్కు అయితే ఇయర్ 12 మొదట్లో ఇచ్చిన అసెస్‌మెంట్ పుస్తకం తెరిచి "ఇల్‌నెస్, మిస్‌అడ్వెంచర్" (అనారోగ్యం, అనుకోని ఇబ్బంది) పేజీ చదువు. ఆ ఉదయమే స్కూలుకి ఫోన్, అదే రోజు డాక్టర్ సర్టిఫికెట్, వచ్చిన మొదటి రోజే ఫారం. చాలా స్కూళ్ళలో కారణం లేకుండా ఆలస్యమైతే సున్నా. ప్రింటర్ పాడైంది, ఫైల్ సేవ్ కాలేదు అంటే కారణంగా తీసుకోరు, అందుకే ముందు రోజు రాత్రే అప్‌లోడ్ చేసేయి. సర్టిఫికెట్ మీద "అనారోగ్యంగా ఉన్నారు" అని మాత్రమే కాకుండా ఆ తేదీన టాస్కు చేయలేని పరిస్థితి ఏమిటో ఉండాలి.

ఒక సున్నా వస్తే ఆ వెయిటేజి పోతుంది, దూరం ఘోరంగా పెరుగుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. మొత్తం అసెస్‌మెంట్ మార్కుల్లో 50 శాతానికి మించిన టాస్కుల్ని నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. లేకపోతే ఎన్-డిటర్మినేషన్ వస్తుంది, ఆ కోర్సు పూర్తి చేసినట్టే కాదు. దానికి ముందు స్కూలు లిఖితపూర్వకంగా హెచ్చరికలు పంపుతుంది. ఇంటికి అలాంటి ఉత్తరం వస్తే పిల్లవాణ్ణి తిట్టి పక్కన పెట్టకండి. అందులో ఏ పని, ఏ తేదీలోపు చేసివ్వాలో రాసి ఉంటుంది. అది చేసిస్తే హెచ్చరిక తీరిపోతుంది.

కాపీ కొట్టినా, ఏఐతో రాయించి తనదన్నట్టు ఇచ్చినా అంతే, సున్నా దాకా పోవచ్చు. చిత్తుప్రతులు, నోట్సు, తేదీలతో సహా దాచుకోవాలి. అనుమానం వస్తే తనే రాశానని చూపించుకోవలసిన బాధ్యత విద్యార్థిదే.

ఫైనల్ పరీక్ష రోజు ఒంట్లో బాగాలేకపోతే, డాక్టరు వద్దంటే తప్ప, వెళ్ళి రాయడమే మంచిది. తరువాత నెసాకి దరఖాస్తు పెట్టాలి. దెబ్బతిన్న ప్రతి పరీక్షకీ విడిగా చెప్పాలి. దరఖాస్తు ఒప్పుకుంటే, రాసిన పరీక్ష మార్కూ, స్కూలు అసెస్‌మెంట్ ఆధారంగా కట్టిన మార్కూ పోల్చి ఎక్కువది ఇస్తారు. అంటే ఇక్కడ కూడా ఏడాది పొడుగునా చేసిన పనే ఆదుకుంటుంది. ఏళ్ళ తరబడి ఉన్న సమస్యలకి (చూపు, డిస్లెక్సియా, మధుమేహం లాంటివి) ఈ దారి కాదు. వాటికి ముందుగానే స్కూలు ద్వారా డిసెబిలిటీ ప్రొవిజన్లు (పరీక్షలో ఇచ్చే ప్రత్యేక వెసులుబాట్లు) అడగాలి.

హిల్స్_నివాసి
ర్యాంకు తప్పు పడిందనిపిస్తే అడగవచ్చా?

కెమిస్ట్రీ_టీచర్
అడగవచ్చు. చివరి పరీక్ష అయ్యాక ర్యాంకులు నెసా ఆన్‌లైన్ ఖాతాలో కనపడతాయి. స్కూలు ముందు చెప్పిన వెయిటేజి పాటించలేదనో, కూడికలో పొరపాటు ఉందనో సమీక్ష కోరవచ్చు. "ఈ వ్యాసానికి 14 కాదు, 17 రావాలి" అనే వాదన ఆ దశలో చెల్లదు. అది పేపరు చేతికి వచ్చిన రోజే టీచరుతో మాట్లాడుకోవలసింది. కాబట్టి ప్రతి టాస్కు మార్కూ, వెయిటేజీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మెల్‌బోర్న్_తెలుగు
విక్టోరియా వాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడ వీసీఈలోనూ (విక్టోరియా పన్నెండో తరగతి సర్టిఫికెట్) స్కూలు మార్కుల్ని (మేము శాక్‌లంటాం) పరీక్షని బట్టే మాడరేట్ చేస్తారు, జీఏటీ (సాధారణ సామర్థ్య పరీక్ష) ఫలితం కూడా వాడతారు. కానీ 50:50 అన్ని సబ్జెక్టులకీ ఉండదు. ఇంగ్లీషులో యూనిట్ 3 (ఇక్కడ యూనిట్ అంటే ఏడాదిలో సగం) స్కూలు పనికి 25 శాతం, యూనిట్ 4 స్కూలు పనికి 25, పరీక్షకి 50. సబ్జెక్టును బట్టి వాటాలు మారతాయి. చివరికి వచ్చేది వందకి మార్కు కాదు, 50కి స్టడీ స్కోరు. రాష్ట్ర సగటు 30 దగ్గర ఉండేలా కడతారు. అందుకని 32 వస్తే ఫెయిలయ్యాడని కంగారుపడకండి, సగటు పైనే ఉన్నట్టు.

బ్లాక్‌టౌన్_అమ్మ
అలైన్‌మెంట్ ఇంకా అర్థం కాలేదు. పరీక్షలో 75 వస్తే రిజల్టులో 85 ఎలా పడుతుంది?

గణాంకం
ప్రతి సబ్జెక్టుకీ అనుభవమున్న టీచర్ల బృందం ఒకటి కూర్చుంటుంది. బ్యాండ్ 6 గీత మీద సరిగ్గా నిలబడే విద్యార్థి ఈ ప్రశ్నకి ఎన్ని మార్కులు తెచ్చుకుంటాడు, బ్యాండ్ 5 గీత మీద ఉండేవాడు ఎన్ని తెచ్చుకుంటాడు అని ప్రశ్న ప్రశ్నకీ అంచనా కడతారు. ముందు ఎవరికి వాళ్ళు విడివిడిగా, తరువాత గణాంకాలు చూసి చర్చించుకుని, ఆ తరువాత నిజమైన జవాబు పత్రాలు ముందు పెట్టుకుని సరిచూస్తారు. 

ఆ ఏడాది పేపరు కష్టంగా ఉండి బ్యాండ్ 6 గీత 82 దగ్గర, బ్యాండ్ 5 గీత 68 దగ్గర పడ్డాయనుకోండి. 82ని 90 అంటారు, 68ని 80 అంటారు. 75 ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి 85. పేపరు సులువైన ఏడాది గీతలు పైకి పోతాయి. ఇన్ని శాతం మందికే బ్యాండ్ 6 అనే కోటా లేదు. గీత దాటినవాళ్ళందరికీ వస్తుంది.

అందుకే పాత పేపర్లు ఇంట్లో దిద్దుకుని "వందకి 70యే వచ్చింది" అని డీలా పడకూడదు. ఏ సబ్జెక్టులో పేపర్లో వచ్చిన ఏ మార్కు ఎంతగా మారుతుందో సబ్జెక్టుకీ, ఏడాదికీ వేరు.

రౌజ్‌హిల్_రావు
ఇక స్కేలింగ్ సంగతి. మ్యాథ్స్ ఎక్స్‌టెన్షన్ 2 (లెక్కల్లో అన్నిటికన్నా పై స్థాయి కోర్సు), ఫిజిక్స్, కెమిస్ట్రీ పెడితే ఏటార్ దానంతటదే లేస్తుంది కదా. కష్టమైన సబ్జెక్టుకి ఎక్కువ ఇస్తారని అందరూ అంటారు.

కరియర్_సలహా
సబ్జెక్టు కష్టాన్ని చూసి ఇవ్వరండీ. ఆ సబ్జెక్టు తీసుకున్న పిల్లలు తమ మిగతా సబ్జెక్టుల్లో ఎలా ఉన్నారో చూసి, ఆ గుంపు స్థాయిని యూఏసీ అంచనా కడుతుంది. ఎక్స్‌టెన్షన్ 2 స్కేలింగ్ ఎక్కువగా ఉండటానికి కారణం అది తీసుకున్నవాళ్ళు అన్నిటిలోనూ గట్టిగా ఉండటం. ఆ గుంపులో మీ పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడో దాన్నిబట్టే అతని స్కేల్డ్ మార్కు. అట్టడుగున నిలబడితే ఆ గుంపు గొప్పతనం అతనికి పూర్తిగా అంటదు. పైగా ఆ సబ్జెక్టు మింగేసిన గంటల వల్ల మిగతావి దెబ్బతింటాయి.

ఏటార్‌కి 10 యూనిట్లు లెక్కిస్తారు. అందులో ఇంగ్లీషు 2 యూనిట్లు తప్పనిసరి, మిగతా 8 ఎక్కువ వచ్చినవి. మన ఇళ్ళలో ట్యూషన్ డబ్బంతా లెక్కలకీ సైన్సుకీ పోతుంది. కెమిస్ట్రీ పోయినా 12 యూనిట్లు ఉన్నవాళ్ళు దాన్ని వదిలేసుకోవచ్చు, ఇంగ్లీషుని వదిలేసే దారి లేదు. అయిదో వంతు అదే.

ఇంగ్లీషులో ఈఏఎల్‌డీ కోర్సు (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళ కోసం ఉన్నది) తీసుకుందామని కొందరు వస్తారు. ఇయర్ 11కి ముందు ఇంగ్లీషులో బోధించే స్కూల్లో అయిదేళ్ళు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకే అది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంగ్లీష్ మీడియంలో చదివిన ఏళ్ళు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి మన పిల్లల్లో చాలామందికి అర్హత ఉండదు. స్టాండర్డా, అడ్వాన్స్‌డా అన్నది తేల్చుకోండి.

ఇంకొకటి. యూఏసీ వాడేది అలైన్ చేసిన మార్కు కాదు, అలైన్‌మెంట్‌కి ముందున్న పరీక్ష మార్కూ, మాడరేటెడ్ అసెస్‌మెంట్ మార్కూ. ఇద్దరికి హెచ్‌ఎస్‌సీలో వేర్వేరు సబ్జెక్టుల్లో 85 ఉన్నా ఏటార్‌కి వాటి విలువ ఒకటి కానక్కరలేదు. ఏటార్ శాతం కాదు, స్థానం. 80 అంటే ఆ వయసు పిల్లల్లో దాదాపు 80 శాతం మంది కంటే ముందున్నట్టు. వందకి 80 మార్కులు కాదు. అన్నిటికన్నా పైన 99.95, అక్కడి నుంచి 0.05 చొప్పున దిగుతుంది.

పన్నెండో_క్లాసు
ట్రయల్స్ అయిపోయాయి. మ్యాథ్స్ అడ్వాన్స్‌డ్‌లో నా ర్యాంకు 60 మందిలో 22. ఇప్పుడు చేయగలిగింది ఏమన్నా ఉందా?

లెక్కలపంతులు
చాలా ఉంది. అసెస్‌మెంట్ సగం వరస తేలిపోయింది గానీ విలువ తేలలేదు, అది మీ అరవై మంది పరీక్ష మీద ఉంది. ఇంకో సగం పూర్తిగా నీదే. గుంపులో 22వ వాడు ఫైనల్లో అయిదో వాడిలా రాయడాన్ని ఏ నియమమూ ఆపదు, ట అనే విద్యార్థి చేసింది అదే.

ట్రయల్ పేపరు తీసి, పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం వెయ్యి: విషయం తెలియకపోతే "వి", తెలిసీ తప్పు చేస్తే "త", సమయం చాలకపోతే "స". "త"లు ఎక్కువుంటే పూర్తి పేపర్లు చేసి చివరి పది నిమిషాలు సరిచూసుకోవడం అలవాటు చేసుకో. "వి"లు ఎక్కువుంటే పేపర్ల జోలికి పోకుండా ముందు ఆ చాప్టర్లు ముగించు. "స"లు ఎక్కువుంటే మార్కుకి ఇన్ని నిమిషాలని లెక్క పెట్టుకో. అడ్వాన్స్‌డ్ పేపరు 100 మార్కులకి మూడు గంటలు, అంటే మార్కుకి 1.8 నిమిషాలు. 4 మార్కుల ప్రశ్న మీద ఏడు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకి పో, మళ్ళీ రావచ్చు. వదిలేసే ముందు ఒక్క లైనైనా రాయి, సరైన సూత్రంలో అంకెలు వేసినా చాలాసార్లు ఒక మార్కు పడుతుంది.

బ్లాక్‌టౌన్_అమ్మ
పంతులు గారూ, నాకు అర్థమైంది ఇది: అక్టోబరులో అసెస్‌మెంట్ పుస్తకం రాగానే ప్రతి సబ్జెక్టు టాస్కు తేదీ, వెయిటేజీ ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. సరేనా?

కెమిస్ట్రీ_టీచర్
సరేనమ్మా, పక్కన ఇంకో గడి పెట్టండి: వచ్చిన మార్కు ఒకటీ, ఆ టాస్కులో క్లాసు సగటు, అత్యధిక మార్కు ఒకటీ. టీచరుని అడిగితే చాలామంది చెబుతారు. 70 వచ్చిందంటే బాగుందో లేదో ఆ పక్క గడి చూస్తేనే తెలుస్తుంది. ఒకే వారంలో మూడు టాస్కులు పడితే ముందే కనపడుతుంది, అప్పుడు సబ్‌మిషన్ రూపంలో ఉన్నదాన్ని పది రోజుల ముందే ముగించేయమని చెప్పండి.